ఫేటల్ ఎర్రర్లకు లాగ్‌లో వేరే ఫైలు పెట్టాలా, వద్దా?

కావలి_కోడర్:
మాది చిన్న ఆఫీసు. అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల మేత డీలర్లకు ఖాతాల సాఫ్ట్‌వేర్ యీ 2 (పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్) మీద నడుపుతున్నాం. మేత అప్పుకిస్తారు, పట్టుబడి అయ్యాక రైతుతో లెక్క చూసుకుంటారు. సరిగ్గా అప్పుడే స్టేట్‌మెంట్ తీస్తే తెల్ల పేజీ వస్తోంది. పొద్దున డీలర్ ఫోన్ చేస్తే సాయంత్రం లాగ్ (సాఫ్ట్‌వేర్ తన ఎర్రర్లు రాసుకునే ఫైలు) తెరిచేసరికి ఆ ఎర్రర్ లేనే లేదు. యాప్.లాగ్ 10 ఎంబీ నిండగానే కొత్తది మొదలవుతుంది, పాతవి 5 మాత్రమే మిగుల్తాయి. అవన్నీ బాట్లు లేని పేజీలు అడిగితే పడిన 404లే. ఫేటల్‌ను (స్క్రిప్టు మధ్యలోనే ఆగిపోయే ఎర్రర్‌ను) కేటగిరీ, అంటే లాగ్‌లో పడే ఎర్రర్ రకం పేరు, పట్టి వేరే ఫైల్లోకి తీయాలని నేను. ఒకే ఫైలు ఉండాలని మా సీనియర్. మీరేమంటారు?

ఒంగోలు_బ్యాకెండ్:
వేరే తీయాల్సిందే తమ్ముడూ. యీ 2లో ఎర్రర్, వార్నింగ్, ఇన్ఫో లాంటి లెవెల్సే ఉన్నాయి. పీఎస్ఆర్-3 అనే పీహెచ్‌పీ లాగింగ్ ప్రమాణంలో ఉన్న 8 లెవెల్స్‌లాగా క్రిటికల్, ఎమర్జెన్సీ ఇందులో లేవు. 404 కూడా ఎర్రరే, మెమరీ అయిపోయి స్క్రిప్టు చచ్చినా ఎర్రరే. రెండింటినీ విడదీసేది కేటగిరీ ఒక్కటే.

ఆ కేటగిరీ మనం రాయక్కర్లేదు. మామూలు ఎర్రర్లను పట్టే సెట్_ఎర్రర్_హ్యాండ్లర్‌కు ఫేటల్ అందదు కాబట్టి యీ 2, స్క్రిప్టు ముగిసేటప్పుడు నడిచే షట్‌డౌన్ ఫంక్షన్‌లో, ఆఖరి ఎర్రర్ చెప్పే ఎర్రర్_గెట్_లాస్ట్ చూసి పట్టుకుంటుంది. మెమరీ నిండిపోయినా లాగ్ రాయడానికి చోటుండాలని 256 కేబీ ముందే పక్కన పెట్టుకుని, ఆ క్షణంలో వదుల్తుంది. దాన్ని 'ఎర్రర్‌ఎక్సెప్షన్:1' అనే కేటగిరీ కింద రాస్తుంది. ఆ 1 అంటే పీహెచ్‌పీలో ఫేటల్‌ను సూచించే ఈ_ఎర్రర్ విలువ.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. 2015 డిసెంబరులో పీహెచ్‌పీ 7 వచ్చాక పాత ఫేటల్స్ చాలావరకు ఎక్సెప్షన్ల (కోడ్ పట్టుకోగల ఎర్రర్ల) మాదిరి విసరబడుతున్నాయి. లేని ఫంక్షన్‌ను పిలిస్తే కేటగిరీ 'ఎర్రర్' అని పడుతుంది, టైపు కుదరకపోతే 'టైప్‌ఎర్రర్' అని. ఒక్క ':1' రాసి ఊరుకుంటే మెమరీ, టైమౌట్ లాంటివే దొరుకుతాయి, మిగతావి జారిపోతాయి.

కోవూరు_సీనియర్:
నేను ఒప్పుకోను. ఆ కేటగిరీ స్క్రిప్టు ఎట్టా చచ్చిందో చెప్తుంది, యాడ చచ్చిందో చెప్పదు. స్టేట్‌మెంట్ తీసేటప్పుడు పోయినా, గుంట ఫొటో ఎక్కించేటప్పుడు పోయినా రెండూ 'ఎర్రర్‌ఎక్సెప్షన్:1'లే. ఫేటల్‌కు స్టాక్ ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందనే వరస) కూడా సరిగా రాదు, ఆఖరి లైను నంబరు తప్ప. అసలు కారణం దానికి ముందు నడిచిన క్వెరీలో ఉంటుంది, అది యాప్.లాగ్‌లో ఉండిపోతుంది. రాత్రి 11కి రెండు ఫైళ్ళు పక్కపక్కన పెట్టి సెకన్లు సరిచూసుకునే కష్టం నాకు తెలుసు. చేయాల్సింది చిన్న పని: ఎక్సెప్ట్‌లో (రాయొద్దనే కేటగిరీల జాబితాలో) 'హెచ్‌టీటీపీఎక్సెప్షన్:404' పెట్టండి, చెత్త పోతుంది. ఒకే ఫైలు, వరస చెడదు.

చీమకుర్తి_దేవ్:
వేరే ఫైలంటే యాప్.లాగ్‌లోంచి తీసేయడం అనుకుంటున్నారు మీ ఇద్దరూ. యీ 2లో ప్రతి టార్గెట్ (ఏ మెసేజ్ ఏ ఫైల్లోకి పోవాలో చెప్పే సెట్టింగు) తన ఫిల్టర్ తనే చూసుకుంటుంది. ఒకే మెసేజ్ రెండు టార్గెట్లకు సరిపోతే రెండింట్లోనూ పడుతుంది. యాప్.లాగ్‌ను అట్టే ఉంచి ఫేటల్.లాగ్ అదనంగా పెడితే వరస ఎందుకు చెడుతుంది?

సీనియర్ గారు చెప్పిన 'యాడ' సమస్యకు మందు ప్రిఫిక్స్‌లో (ప్రతి లాగ్ మెసేజ్ ముందు పడే భాగంలో) ఉంది. మామూలుగా అక్కడ ఐపీ, యూజర్, సెషన్ పడతాయి. ఆ ఫంక్షన్ మనం రాసుకుని ప్రతి రిక్వెస్టుకూ ఒక నంబరు, దాంతో రూటు (ఏ పేజీ అనే) పేరు పెట్టుకుంటే ఫేటల్.లాగ్‌లో నంబరు పట్టుకుని యాప్.లాగ్‌లో వెతికితే చాలు.

లాగ్‌వార్స్ (లాగ్‌లో చేరే రిక్వెస్టు వివరాల జాబితా) సంగతి కూడా చూసుకో తమ్ముడూ. ఎర్రర్ పడినప్పుడు పోస్ట్, కుకీ, సెషన్ అన్నీ లాగ్‌లోకి దిగుతాయి. రైతుల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు టెక్స్ట్ ఫైల్లో పడి ఉండటం నాకు అసలు నచ్చదు. ఫేటల్ టార్గెట్‌కు లాగ్‌వార్స్ ఖాళీ చేసేయ్. యాప్.లాగ్‌కు మాస్క్‌వార్స్ (చెప్పిన విలువలు కనపడకుండా దాచేది) పెట్టు.

కోవూరు_సీనియర్:
రెండింట్లో పడేట్టయితే నాకు అభ్యంతరం లేదు. దీన్ని మెయిల్‌కు తగిలించడం మాత్రం వద్దు. తెల్ల పేజీ వస్తే డీలర్ ఊరుకోడు, మళ్ళీ మళ్ళీ నొక్కుతాడు, నొక్కిన ప్రతిసారీ ఒక మెయిల్. రెండు రోజుల్లో ఎవరూ చూడరు. ఇంకోటి, సర్వర్లో మెమరీ మొత్తం అయిపోయి ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెలే పీహెచ్‌పీ ప్రాసెస్‌ను చంపితే షట్‌డౌన్ ఫంక్షన్ నడవదు. 256 కేబీ పక్కనున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఏ కేటగిరీ కిందా ఒక్క అక్షరం పడదు. ఫేటల్.లాగ్ ఖాళీగా ఉంది కదా అని అంతా బాగుందనుకుంటే మోసపోతాం. ఎఫ్‌పీఎం (పీహెచ్‌పీని నడిపే సర్వీసు) లాగ్, డీమెస్గ్ (కెర్నెల్ సందేశాలు) చూడాల్సిందే.

ఒంగోలు_బ్యాకెండ్:
కెర్నెల్ మాట నిజమే అన్నా, దానికి సర్వర్ లాగే దిక్కు. మెయిల్ దగ్గరే నాది వేరే మాట. పట్టుబడి రోజుల్లో డీలర్ ఫోన్ చేసేదాకా మనకు తెలియకపోవడం తప్పు. గంటకు ఒకటే వెళ్ళేట్టు క్రాన్‌తో (వేళకు దానంతటదే నడిచే పనితో) ఫేటల్.లాగ్ చూసి పంపొచ్చు.

తమ్ముడూ, నీ తెల్ల పేజీ మెమరీ లిమిట్ 128 ఎంబీ దాటడమేనని నా అనుమానం. ఏడాది ఎంట్రీలన్నీ ఒకేసారి ఆల్‌తో తెస్తున్నావా?

కావలి_కోడర్:
అవునన్నా, ఆల్‌తోనే. ఈచ్‌కు మార్చి 100 చొప్పున తెస్తాను. ఫేటల్.లాగ్ అదనంగా, యాప్.లాగ్‌లో 404 ఎక్సెప్ట్, ప్రిఫిక్స్‌లో రిక్వెస్టు నంబరు, రూటు పెడుతున్నాను. కేటగిరీల్లో 'ఎర్రర్', 'టైప్‌ఎర్రర్', 'పార్స్‌ఎర్రర్' విడివిడిగా రాస్తాను. గంటకో మెయిల్‌కు మా సీనియర్ ఇంకా ఒప్పుకోలేదు.

కోవూరు_సీనియర్:
ఒప్పుకోకపోవడమే మంచిది. రాత్రిపూట ఆ మెయిల్ ఎవరు చూస్తారో ముందు తేల్చుకోండి, క్రాన్ తర్వాత రాసుకోవచ్చు.