ఎఫ్-150 కి సిల్వరాడో వీల్స్ పడతాయా? రెండిటికీ ఆరు బోల్టులే కదా

డాలస్_రైతుబిడ్డ:
అందరికీ నమస్తే. నాది 2018 ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్. మా ఆఫీసులో ఒకాయన తన షెవీ సిల్వరాడో 1500 కి కొత్త వీల్స్ వేయించుకుని, పాత 20 ఇంచుల ఫ్యాక్టరీ వీల్స్ టైర్లతో సహా చాలా తక్కువకి ఇచ్చేస్తానంటున్నాడు, టైర్లకి ఇంకా బోలెడు జీవం ఉంది, సైజు కూడా నావే, 275/55 ఆర్20. రెండు బళ్ళకీ ఆరు స్టడ్లే (వీల్ ని బిగించే బోల్టులు), పక్కపక్కన పెట్టి చూసినా తేడా కనపడట్లేదు. ఆయనేమో గట్టిగా బిగిస్తే కూర్చుంటాయి అంటాడు, ఇంకొకాయన అడాప్టర్ వేస్తే చాలంటాడు. వీకెండ్ లో ట్రైలర్ లాగుతాను, పిల్లలు తిరిగేదీ ఇదే బండి, అందుకే డబ్బులిచ్చే ముందే అడుగుతున్నా.

షెడ్డు_మావయ్య:
తమ్ముడూ, గట్టిగా బిగించడం అనే మాట మర్చిపో. 2004 నుంచి ఎఫ్-150 ది 6x135, అంటే ఆరు స్టడ్లు, ఎదురెదురుగా ఉన్న రెండు స్టడ్ల సెంటర్ల మధ్య 135 ఎంఎం. సిల్వరాడో 1500 ది 139.7. ఒక్కో స్టడ్ దగ్గర చూస్తే తేడా రెండు ఎంఎం పైచిలుకే, కంటికేం ఆనుతుంది. పైగా 2015 నుంచి వచ్చిన ఎఫ్-150 కీ సిల్వరాడోకీ నట్ త్రెడ్ కూడా ఒకటే, 14x1.5, నట్ సాఫీగా ఎక్కేస్తుంది కాబట్టి జనం సరిపోయిందనుకుంటారు.

నీ బండికైతే అసలు అక్కడిదాకా కూడా రాదు. సిల్వరాడో వీల్ నడిమధ్య బొక్క 78.1, ఫోర్డ్ వీల్ ది 87.1, ఫోర్డ్ హబ్, అంటే వీల్ కూర్చునే ఇరుసు ముందు భాగం, ఆ చిన్న బొక్కలో దూరనే దూరదు. దీనికి రివర్స్ లో, ఫోర్డ్ వీల్స్ ని షెవీకి ఎక్కించేవాళ్ళదే అసలు ప్రమాదం, బొక్క పెద్దది కాబట్టి వీల్ లోపలికి వెళ్ళిపోతుంది, నట్ ఏమో ఒక పక్కే ఆనుతుంది. అలాంటి వీల్ విప్పి చూస్తే బోల్ట్ హోల్ లో ఒక వైపు మాత్రమే అర్ధచంద్రంలా మెరిసిపోతూ గీత ఉంటుంది, రెండో వైపు పెయింట్ కూడా చెదరదు. నట్ లూజ్ అవుతుంది, స్టడ్ వంగుతుంది, ఆఖరికి విరుగుతుంది. హోల్స్ పెద్దవి చేయిస్తా, మళ్ళీ డ్రిల్ చేయిస్తా అని కూడా పోకు.

హ్యూస్టన్_ట్రక్:
మావయ్య గారు చెప్పింది కరెక్ట్. అడాప్టర్ సంగతి నేను చెప్తా. అది ముందు నీ హబ్ కి 6x135 మీద బిగుస్తుంది, దాని మీద 6x139.7 కి వేరే స్టడ్లు ఉంటాయి, వీల్ వాటికి ఎక్కుతుంది. తీసుకుంటే లోపల 87.1, బయట అంచు 78.1 ఉన్న హబ్ సెంట్రిక్ దే, అంటే హబ్ మీద బిగుతుగా కూర్చునే రకమే తీసుకో, బరువు మొత్తం స్టడ్ల మీదే వేలాడే రకం వద్దు. ఒకటిన్నర ఇంచు మందం అనుకుంటే వీల్ 38 ఎంఎం బయటికి వస్తుంది, అది కాక ఎఫ్-150 ఫ్యాక్టరీ ఆఫ్‌సెట్ (వీల్ నడిమధ్య నుంచి హబ్ కి ఆనే ముఖం ఎన్ని ఎంఎం దూరమో చెప్పే లెక్క) +44, సిల్వరాడోది అంతకంటే తక్కువ, కాబట్టి ఇంకొంచెం బయటికి జరుగుతుంది. ఫుల్ గా స్టీరింగ్ తిప్పితే ఫెండర్ కి తగలచ్చు, బేరింగ్ మీద లోడ్ పెరుగుతుంది, ట్రైలర్ లాగే బండికి నాకిది నచ్చదు.

ఇంకో ముఖ్యమైన సంగతి, అడాప్టర్ నట్లు వీల్ వెనకాల దాక్కుంటాయి. వీల్ విప్పితే తప్ప అవి లూజ్ అయ్యాయో లేదో తెలీదు. ఫోర్డ్ నట్లకి టార్క్, అంటే బిగింపు బలం, 150 ఫుట్ పౌండ్లు, అడాప్టర్ స్టడ్లకి దాని తయారీదారు చెప్పినంత, 50 నుంచి 100 మైళ్ళు తిరిగాక మళ్ళీ విప్పి టార్క్ చూడాలి. బిగించే ముందు హబ్ ముఖం వైర్ బ్రష్ తో గీకాలి, చిన్న తుప్పు పెచ్చు మిగిలినా అడాప్టర్ ఫ్లాట్ గా కూర్చోదు, హైవే ఎక్కగానే స్టీరింగ్ వణుకుతుంది.

తిరుపతి_వీక్రాస్:
ఎవరికైనా పనికొస్తుందని చెప్తున్నా, ట్రక్ పేరు చూసి కొనకండి, సంవత్సరం చూడండి. ర్యామ్ 1500 2018 దాకా 5x139.7, 2019 కొత్త మోడల్ నుంచి ఆరు, కానీ దాని పక్కనే క్లాసిక్ పేరుతో అమ్మిన పాత మోడల్ కి ఐదే. టొయోటా టండ్రా 2007 నుంచి 2021 దాకా 5x150, 2022 నుంచి 6x139.7. ఇక్కడ మన శ్రీసిటీలో చేసే ఇసుజు వీ-క్రాస్ పికప్ కీ, టొయోటా హైలక్స్ కీ బోల్టుల ప్యాటర్న్ ఒకటే 6x139.7, అయినా హైలక్స్ వీల్ బోర్ (నడిమధ్య బొక్క) కాస్త పెద్దది, ఆ సందు పూడ్చే సెంట్రింగ్ రింగ్ వేయకుండా వీ-క్రాస్ కి ఎక్కించొద్దు.

డాలస్_రైతుబిడ్డ:
చాలా థ్యాంక్స్ అండీ. మరి టైర్లు మాత్రం తీసుకుని నా వీల్స్ మీద వేయించుకోవచ్చా? నావీ 20 ఇంచులే.

షెడ్డు_మావయ్య:
హాయిగా వేయించుకో తమ్ముడూ. ముందు టైర్ పక్కన ముద్రించిన డాట్ నంబర్ చూడు, చివరి నాలుగు అంకెలు అది తయారైన వారం, సంవత్సరం, 2319 ఉంటే 2019 లో 23వ వారం అన్నమాట. ఆరేళ్ళు దాటిందైతే ట్రెడ్ (టైర్ మీద గాడుల లోతు) ఎంతున్నా నేను తీసుకోను. వాళ్ళ ప్రెషర్ సెన్సర్లు ఫోర్డ్ కి పనికిరావు, నీ వీల్ లో ఉన్నవి అలాగే ఉంచమని షాపులో ముందే చెప్పు, టైర్ పీకేటప్పుడు విరక్కొట్టకుండా చూసుకోమను.