హొసే ముహీకా గురించి మూడు నిమిషాల ప్రసంగం: ఈ వివరాలు సరైనవేనా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వచ్చే వారం బడిలో "నాకు నచ్చిన ప్రపంచ నాయకుడు" మీద మూడు నిమిషాలు తెలుగులో మాట్లాడాలి. ఉరుగ్వే మాజీ అధ్యక్షుడు జోస్ ముజికాను ఎంచుకుంది. వాట్సాప్ మెసేజ్‌లలో ఒకదాంట్లో 13 ఏళ్లు జైల్లో ఉన్నాడని, ఇంకోదాంట్లో 15 అని ఉంది. సైనిక నియంతృత్వాన్ని ఎదిరించి తుపాకీ పట్టాడని, ప్రపంచంలోకెల్లా పేద అధ్యక్షుడని కూడా రాశారు. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే ఏం చెప్పాలని పిల్లకి ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త సరిచూసి పెట్టండి.

జవాబు:
ముందు పేరు సరిచేయండి. స్పానిష్‌లో ఆ 'జ'ని 'హ'లా పలుకుతారు. హొసే ముహీకా. వాళ్ల దేశంలో ముద్దుగా పేపే అనేవారు. 1935 మే 20న ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో పుట్టారు, 2025 మే 13న పోయారు. ఇంకో వారం ఉంటే తొంభై నిండేవి.

మరో జవాబు:
పాపకి నా అభినందనలు చెప్పండి. ముహీకా అంటే నాకు చాలా గౌరవం, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నా.

ఆ మెసేజ్‌లలో అసలు తప్పు నియంతృత్వం దగ్గరే ఉందండి. ఆయన తుపామారోస్ అనే గెరిల్లా దళంలో చేరింది 1960లలో. అప్పటికి ఉరుగ్వేలో ఎన్నికైన ప్రభుత్వమే ఉంది. సైన్యం అధికారం చేజిక్కించుకున్నది 1973 జూన్‌లో, అప్పటికే ఈయన జైల్లో ఉన్నారు. దళం బ్యాంకులు దోచింది, మనుషుల్ని ఎత్తుకెళ్లింది, ప్రాణాలు కూడా తీసింది. ఇది దాచి చెప్తే ఆయన కథ సగమే అవుతుంది. తుపాకీ వదిలేసి, ఓట్లడిగి గెలిచాడన్నదే నా దృష్టిలో ఆయన గొప్పతనం.

జైలు లెక్క ఎందుకు తేడా వస్తుందంటే, పట్టుబడింది ఒక్కసారి కాదు. 1970లో ఒక బార్‌లో పోలీసులతో కాల్పులు జరిగాయి. ఒంట్లోకి ఆరు తూటాలు దిగినా బతికారు. 1971 సెప్టెంబరులో పుంటా కర్రేటాస్ జైలు నుంచి 111 మంది ఒకే రాత్రి పారిపోయారు, వాళ్లలో ఈయనా ఉన్నారు. గది నుంచి గదికి గోడలు తొలిచి, కింద సొరంగం తవ్వి, వీధి అవతల ఒక ఇంట్లో తేలారు. (ఆ జైలు ఇప్పుడు షాపింగ్ మాల్!) మళ్లీ పట్టుబడ్డారు, మళ్లీ తప్పించుకున్నారు. 1972లో దొరికాక మాత్రం 1985 మార్చిలో క్షమాభిక్ష వచ్చేదాకా బయటి ప్రపంచం చూడలేదు. ఆ చివరి విడతే దాదాపు 13 ఏళ్లు. ముందువి కలిపితే 15కి దగ్గరవుతుంది.

ఆ కాలంలో సైన్యం తొమ్మిదిమందిని బందీలుగా పెట్టుకుంది. బయట దళం కదిలితే వీళ్లను చంపేస్తామని బెదిరింపు. ఇరుకు గదుల్లో ఒంటరిగా ఉంచి, ఒక సైనిక శిబిరం నుంచి ఇంకో శిబిరానికి తిప్పేవారు. ముహీకాతో పాటు తిప్పిన ఇద్దరు, రోసెన్‌కోఫ్, ఫెర్నాండెజ్ ఉయిదోబ్రో, గోడ మీద తట్టి అక్షరాలు పంపుకుని మాట్లాడుకునేవారట. ఆ ఉయిదోబ్రోనే తర్వాత ముహీకా ప్రభుత్వంలో రక్షణ మంత్రి! ఇది తప్పకుండా చెప్పమనండి.

ఇక పేదరికం. 2010లో ఆయన ప్రకటించిన ఆస్తి ఒక్క పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, 1987 నాటిది, సుమారు 1,800 డాలర్లు. ఆ పేరు అక్కడే పుట్టింది. అయితే పొలం, ట్రాక్టర్లు భార్య లూసియా టోపోలాన్‌స్కీవి కూడా ఉన్నాయి, తర్వాతి లెక్కల్లో వాటి వాటా చేర్చారు. జీతంలో దాదాపు 90 శాతం దానమిచ్చేవారు. అధ్యక్ష భవనం వద్దని ఊరి శివార్లలో రేకుల కప్పున్న చిన్న ఇంట్లో, చామంతి తోట, మూడు కాళ్ల కుక్క మనుయేలాతో ఉండేవారు. తాను పేదవాణ్ణి కానని, ఎంత ఉన్నా చాలదనుకునేవాడే పేదవాడని ఆయనే అనేవారు. కాబట్టి పాప "పేద" అనకుండా "నిరాడంబర" అంటే సరిగ్గా ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా చాలా థాంక్సండీ. పదవిలో ఉండగా ఏం చేశారని అడిగితే? గంజాయి చట్టం సంగతి పిల్ల చెప్పొచ్చా?

జవాబు:
చెప్పొచ్చండి, భయపడక్కర్లేదు. 2010 మార్చి నుంచి 2015 మార్చి దాకా అధ్యక్షుడు. అక్కడ రాజ్యాంగం వరసగా రెండోసారి పోటీకి ఒప్పుకోదు. 2013లో గంజాయి సాగు, అమ్మకం ప్రభుత్వ నియంత్రణలోకి తెచ్చే చట్టం వచ్చింది. మాదకద్రవ్యాల ముఠాల వ్యాపారం దెబ్బతీయాలన్నది ఉద్దేశం. తాగడం మంచిదని ఆయన ఎప్పుడూ అనలేదు. చదువుల వ్యవస్థను మారుస్తానన్న మాట అనుకున్నంత నెరవేరలేదన్న విమర్శ ఉంది, అది కూడా ఒక్క వాక్యం చెప్పమనండి.

మూడు నిమిషాల్లో ఇదంతా పట్టదు. సొరంగంతో మొదలుపెట్టి, జైలు, తర్వాత 1994లో పార్లమెంటు సభ్యుడు, 2005లో వ్యవసాయ మంత్రి అని గబగబా చెప్పేసి, ప్రమాణ స్వీకారం దగ్గర కాస్త ఆగమనండి. ఎక్కువ ఓట్లతో గెలిచిన సెనేటర్‌గా ఆ రోజు ఆయనతో ప్రమాణం చేయించింది ఎవరో కాదు, లూసియానే. ఆవిడ కూడా తుపామారోస్‌లో పనిచేసి, జైల్లో మగ్గి, 1985లోనే విడుదలైన మనిషి.