సినిమా సీన్లతో సూపర్‌వైజర్లకు శిక్షణ: ఏ సీన్ పెట్టాల, ఎక్కడ ఆపాల?

తోతాపురి_చిత్తూరు:
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ మొదలయ్యేలోపు 12 మంది కొత్త లైన్ సూపర్‌వైజర్లకు తరగతి పెట్టాల. అందరూ పోయిన సీజన్ దాకా అదే లైన్లో కాయలు ఏరినవాళ్లు, కోసినవాళ్లు. ఇప్పుడు తోటివాళ్ల దగ్గరే పని చేయించాల. పుస్తకాలు చదివిస్తే ఎక్కదు కాబట్టి సినిమా సీన్లు చూపిద్దామని ఉండాది. షిఫ్టు అయినాక 45 నిమిషాలే దొరుకుతాయి. ‘చక్ దే ఇండియా’లో ఫైనల్‌కు ముందు హాకీ కోచ్ ‘మీ చేతిలో 70 నిమిషాలు ఉన్నాయి’ అని జట్టుకు చెప్పే మాటలతో మొదలుపెడితే బాగుంటుందా? చూపించినాక ఏం చేయించాల?

అలిపిరి_మెట్లు:
దాంతో మాత్రం మొదలుపెట్టొద్దన్నా. ఆ మాటలు అక్కడ పండేది అంతకుముందు సినిమా అంతా ఆ కోచ్ జట్టుతో పడిన పాట్ల వల్ల. ముక్క కోసి చూపిస్తే ఒళ్లు పులకరిస్తుంది గానీ, మరుసటి రోజు లైన్లో నిలబడి చేయడానికి అందులో ఒక్క పని కూడా ఉండదు. కొత్త సూపర్‌వైజర్ దాన్నుంచి పట్టుకునేది గొంతు ఒక్కటే. వాష్ ట్యాంకు దగ్గర ఆ గొంతు పెడితే నలుగురూ నవ్వుతారు.

సీన్ ఎంచుకునేటప్పుడు ఒకటే చూడండి: నాయకుడు ఒక మనిషితో ఏదో ఒక నిర్ణయం తీసుకోవాల, ఆ నిర్ణయం తేలిగ్గా ఉండకూడదు. ‘లగాన్’ (2001)లో లాఖా సీన్ అందుకు సరిపోతుంది. ఊరి క్రికెట్ జట్టులోని లాఖా తెల్లోళ్లతో చేతులు కలిపి ఆటలో కావాలనే తప్పులు చేస్తాడు. రాత్రికి దొరికిపోతాడు. ఊరంతా కొట్టడానికి వస్తే గుడిలో దాక్కుంటాడు. జట్టు నాయకుడు భువన్ లోపలికి పోతాడు. సరిగ్గా అక్కడ ఆపేయండి. తర్వాత ఏమవుతుందో చూపించకుండా “మీరైతే లోపల మొదటి మాట ఏమంటారు?” అని అడగండి. అందరూ సినిమా చూసినవాళ్లే కదా అంటారేమో. కథ గుర్తుంటుంది, భువన్ అన్న మాట ఎవరికీ గుర్తుండదు. నేర్చుకోవాల్సింది ఆ మాటే: గుంపును బయటే ఉంచి, కారణం అడిగి, వెంటనే ఇంకో అవకాశం ఇస్తాడు.

రేణిగుంట_జంక్షన్:
45 నిమిషాలను ఇట్లా పంచుకోండి. సీన్ 4 నిమిషాలకు మించొద్దు, రెండుసార్లు వేయండి, మొత్తం 8. మొదటిసారి శబ్దం ఆపేసి వేయండి. ఎవరు ఎవరికి ఎంత దూరంలో నిలబడినారు, చేతులు ఎక్కడున్నాయి, ఎవరి వైపు చూస్తున్నారు అనేవి అప్పుడే కనబడతాయి. పైగా రెండూ హిందీ సినిమాలు, మన లైన్లలో తెలుగూ తమిళమే నడుస్తుంది. రెండోసారి వేసేముందు మాటల సారం తెలుగులో మీరే చెప్పేయండి.

ఆపినాక 3 నిమిషాలు ఎవరి కాగితం మీద వాళ్లు ఒక్క వాక్యం రాయాల. దీన్ని వదిలేస్తే గట్టిగా మాట్లాడే ఒక్కడి అభిప్రాయమే మిగతా 11 మందిదీ అయిపోతుంది. తర్వాత నలుగురేసి కూర్చుని 12 నిమిషాలు మాట్లాడుకోవాల. ఆపైన 15 నిమిషాలు నటన. చివరి 7 నిమిషాల్లో వచ్చే వారం లైన్లో ఏం చేస్తారో ఒక్కొక్కరూ ఒక్కటి చెప్పాల.

నటనను మాత్రం కోసేయకండి. చూసి నేర్చుకోవడానికి మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా నాలుగు మెట్లు చెప్పినాడు: గమనించడం, గుర్తుపెట్టుకోవడం, చేసి చూడటం, చేయాలనిపించడం. సీన్ చూపించి ఇంటికి పంపేస్తే మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతారు.

నటనకు సినిమా కథ వద్దు, మీ లైన్ కథే పెట్టండి. మగ్గిన కాయల్లో కుళ్లింది ఒకటి ఏరివేతలో తప్పిపోయి పల్పర్ (గుజ్జు తీసే యంత్రం) దాకా పోయింది. ఏరిన ఆమె సూపర్‌వైజర్ కన్నా పదేళ్లు పెద్ద. ఒకరు సూపర్‌వైజర్, ఒకరు ఆమె, మూడో మనిషి పక్కన కూర్చుని గీతలు గీయాల: అడిగిన ప్రశ్నలు ఎన్ని, వేసిన ఆజ్ఞలు ఎన్ని. నాలుగో మనిషి మొదటి మాటను రాసుకోవాల. “అక్కా” అని మొదలుపెట్టినారా, “ఏమ్మా, కళ్లు కనపడలేదా” అని మొదలుపెట్టినారా అనే దాంట్లోనే సగం తేలిపోతుంది.

గోవిందరాజ_వీధి:
పై రెండూ సరే. పని అప్పజెప్పడం నేర్పాలంటే ‘అపోలో 13’ (1995)లో ఒక సీన్ ఉంది. అంతరిక్ష నౌకలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంటే ఇంజనీర్ల ముందు బల్ల మీద సామాన్లు కుమ్మరిస్తారు. ఈ చదరపు డబ్బా ఆ గుండ్రటి కన్నానికి సరిపోవాల, ఈ సామాన్లతోనే. 1970లో నిజంగా ఎదురైన చిక్కే అది. ఏం కావాలో, ఏమున్నాయో చెప్తారు. ఎట్లా చేయాలో చెప్పరు. కొత్త సూపర్‌వైజర్లు సరిగ్గా దీనికి ఎదురు చేస్తారు, ‘ఎట్లా’ అనేదే గంటసేపు చెప్తారు.

‘చక్ దే’లోనే ఒక సీన్ విషయంలో జాగ్రత్త. పేరుతోపాటు రాష్ట్రం పేరు చెప్పిన ఆటగాళ్లను కోచ్ అందరి ముందూ పక్కకు పంపించేస్తాడు. తెర మీద బాగుంటుంది. మన దగ్గర నలుగురిలో ఒకామెను అట్లా నిలబెడితే ఆమె మరుసటి రోజు పనికి రాదు, ఆమెతో వచ్చే ఇంకో ముగ్గురూ రారు. చూపించాలనుకుంటే “ఇదే మాట నొప్పించకుండా ఎట్లా చెప్తారు?” అనే ప్రశ్నతోనే చూపించండి.

తోతాపురి_చిత్తూరు:
లాఖా సీన్‌తోనే మొదలుపెడతాం. పనికొచ్చిందో లేదో ఎట్లా తెలుస్తుంది?

రేణిగుంట_జంక్షన్:
“తరగతి నచ్చిందా” అని అడగొద్దు, అందరూ నచ్చిందనే అంటారు. వారం తర్వాత షిఫ్టు మారే వేళ 10 నిమిషాలు లైన్ పక్కన నిలబడి అవే గీతలు గీయండి: ప్రశ్నలు, ఆజ్ఞలు. ఆ కాగితాన్ని తరగతి రోజు గీసిన కాగితం పక్కన పెట్టి ఆ సూపర్‌వైజర్‌కు ఒక్కడికే చూపించండి, అందరి ముందూ వద్దు. లెక్క మారకపోతే కొత్త సీన్ ఎత్తుకోవద్దు. అదే సీన్ వేసి, నటనలో సూపర్‌వైజర్ వేషం వేసినవాళ్లకు ఈసారి పెద్దామె వేషం ఇవ్వండి.