వీటో చేసినందుకు గవర్నర్‌పై క్రిమినల్ కేసు నిలబడుతుందా?

లా చదివినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మా బావగారు ఆస్టిన్‌లో ఉంటారు. మొన్న ఫోన్లో టెక్సాస్ మాజీ గవర్నర్ రిక్ పెర్రీ కేసు మీద ఇద్దరం గంటసేపు వాదించుకున్నాం, తేలలేదు.

2013లో అక్కడి ట్రావిస్ కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ (ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు నడిపే అధికారి) తాగి కారు నడిపి అరెస్టయ్యారు. రాజీనామా చేయకపోతే ఆమె ఆఫీసులోని అవినీతి విచారణ విభాగానికి ఇచ్చే 75 లక్షల డాలర్లను వీటో చేస్తానని పెర్రీ బెదిరించారు. ఆమె దిగలేదు, ఆయన అన్నంత పనీ చేశారు. 2014లో గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టడానికి తగిన ఆధారాలున్నాయా అని చూసే పౌరుల బృందం) ఆయనపై అధికార దుర్వినియోగం, ప్రభుత్వోద్యోగిని బలవంతపెట్టడం అని రెండు అభియోగాలు మోపింది. ఒకటి 2015లో, రెండోది 2016లో కోర్టులు కొట్టేశాయి. వీటో రాజ్యాంగం ఇచ్చిన అధికారం, దాన్ని వాడటాన్ని నేరంగా చూడలేమన్నది స్థూలంగా కోర్టు మాట.

ఇక్కడే నాకు అర్థం కావడం లేదు. ఒక గవర్నర్ లంచం తీసుకుని బిల్లు వీటో చేశాడనుకోండి. అప్పుడు నేరం లంచమేనా, వీటో సంతకం జోలికి ఎవరూ పోకూడదా? పెర్రీ జేబులో వేసుకున్నది ఏమీ లేదు, నిజమే. కానీ ఆ విభాగం రాజకీయ నాయకుల అవినీతిని తవ్వేది కదా! (బావగారు ఇది ఒప్పుకోరు, ఆయన పెర్రీ అభిమాని.)

ఇంకోటి. మన దగ్గర పదవిలో ఉన్న గవర్నర్‌పై 361వ అధికరణ ప్రకారం క్రిమినల్ కేసు నడవదు. దిగిపోయాక, పదవిలో ఉండగా బిల్లు ఆపినందుకు కేసు పెట్టవచ్చా?