రాకాసిలోయ రాసిందెవరు? చందమామలో పేరు ఎక్కడా లేదేంటి?

అందరికీ నమస్కారం. మా నాన్న చిన్నప్పుడు చందమామల్లోంచి రాకాసిలోయ సీరియల్ పేజీలు మాత్రం విప్పదీసి బైండు చేయించుకున్నారంట, మొన్న పండక్కి ఊరెళ్తే అటక మీద దొరికింది. పిన్నులు తుప్పు పట్టి పేజీల మడతల్లో గోధుమరంగు మరకలు, అయినా చదవడానికి బానే ఉంది. మా పాపకి తొమ్మిదేళ్ళు, రోజూ రాత్రి రెండు భాగాలు చదివి వినిపిస్తున్నా, "ఇంకా వుంది" దగ్గర ఆపితే చాలు నా దుప్పటి లాగేసి ఇంకొక్కటి చదువు అంటుంది. నిన్న ఇది ఎవరు రాశారు నాన్నా అంది. మొత్తం తిరగేశా, బొమ్మల్లో చిత్రా సంతకం ఉంది గానీ రాసినాయన పేరు ఒక్కచోట కూడా లేదు. కొడవటిగంటి కుటుంబరావు గారేనా?

పాతసంచికలు:
కాదండి, దాసరి సుబ్రహ్మణ్యం గారు. చాలామంది మీలాగే అనుకుంటారు, ఎందుకంటే అప్పట్లో చందమామని నడిపింది కుటుంబరావు గారే కదా. సుబ్రహ్మణ్యం గారు గుంటూరు జిల్లా మనిషి, 1952లో మద్రాసు వెళ్ళి చందమామ ఆఫీసులో చేరారు, అప్పటికి ఇరవై ఏళ్ళు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, తర్వాత మీ రాకాసిలోయ, వరసగా రాస్తూనే ఉన్నారు. ఉద్యోగంలో భాగంగా రాసినవి కాబట్టి పేరు వెయ్యలేదు. రాకాసిలోయలో బ్రహ్మదండి మాంత్రికుడి పేరు తెలిసిన పిల్లలు లక్షల్లో ఉంటారు, వాణ్ణి పుట్టించిన మనిషి పేరు మాత్రం ఎవరికీ తెలీదు, నాకు ఇది ఇప్పటికీ బాధే.

లోయవాసి:
ఇంకో సంగతి. రాకాసిలోయ అయ్యాక కొన్నాళ్ళు ఈ రకం జానపద సీరియళ్ళు ఆపేసి బంకించంద్రుడి దుర్గేశనందిని లాంటివి వేశారు, పిల్లలకి అవి ఎక్కలేదు, మళ్ళీ 1966లో పాతాళదుర్గంతో ఈయన చేతే రాయించారు. ఆ తర్వాతే శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం అన్నీ. నాకైతే శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి అంటే ఇప్పటికీ ప్రాణం. ఆ వాక్యాలు చూడండి, ఎంత చిన్నవో, పెద్ద వర్ణనలేం ఉండవు, ఒకడు చెట్టు చాటునుంచి బాణం ఎక్కుపెడతాడు, ఈలోపు వెనక ఏదో అలికిడి, అంతే, వచ్చే నెల దాకా ఆగాలి. నెలంతా ఆ అలికిడి ఏంటా అని బళ్ళో వాదించుకునేవాళ్ళం. చిత్రా గారి బొమ్మల్ని కూడా విడదీసి చూడలేం, ఆయన 1978లో పోయారు.

అంబులిమామ:
నేను చెన్నైలో పుట్టి పెరిగా, ఇంట్లో తెలుగు, బయట తమిళం. మా పక్కింటి తమిళ పిల్లలు ఇవే కథల్ని అంబులిమామలో చదివేవాళ్ళు, వాళ్ళు అది తమిళ కథే అనుకునేవాళ్ళు! హిందీ, కన్నడ, మరాఠీల్లో కూడా వచ్చేవి. ఒక తెలుగాయన రాస్తే దేశమంతా చదివిందన్నమాట. సుబ్రహ్మణ్యం గారు 2010 జనవరిలో విజయవాడలో పోయారు. ఇప్పుడు సీరియళ్ళు పుస్తకాలుగా దొరుకుతున్నాయి, అట్ట మీద ఆయన పేరు ఉంది, పాపకి చూపించండి. తర్వాత పాతాళదుర్గం చదవండి, ధూమకుడూ సోమకుడూ తనకి తెగ నచ్చుతారు.

అడిగినాయన:
చాలా థాంక్స్ అండి అందరికీ. పొద్దున నాన్నకి ఫోన్ చేసి పేరు చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఇంకోసారి చెప్పు రాసుకుంటా అన్నారు. పాతాళదుర్గం ఆర్డర్ పెట్టాను. మా బైండులో మధ్యలో రెండు భాగాలు లేవు, కేశవుడూ జయమల్లూ అడవిలో ఉన్నచోట ఆగిపోయి వేరేచోట మొదలవుతుంది. ఎవరి దగ్గరైనా ఉంటే కాస్త ఫోటో తీసి పెట్టగలరా, రాత్రికి పాప అడుగుతుంది.