విజయనగరం: 28 నెలలైనా మెయింటెనెన్స్ బిల్డర్ చేతిలోనే. డబ్బు కట్టడం మానేస్తే తప్పా?

నాలుగో అంతస్తు టీచర్:

రింగ్ రోడ్డు వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ మాది, 22 ఫ్లాట్లు. గృహప్రవేశమై 28 నెలలైంది. ఇప్పటికీ మెయింటెనెన్స్ అంతా బిల్డర్ మనిషే చూస్తున్నాడు. నెలకి ఫ్లాటుకి 1,500. అది కాక రిజిస్ట్రేషన్ రోజున కార్పస్ ఫండ్ (ముందు ముందు పెద్ద ఖర్చులకి దాచే నిధి) అని తలా 30,000 పుచ్చుకున్నారు. రసీదు అడిగితే "మేడమ్, మీరు మాకు కొత్తా?" అన్నారు. కొత్తే మరి, ఆయన్ని చూడటం అదే రెండోసారి.

పోయిన మంగళవారం మా అత్తయ్య పైడితల్లి అమ్మవారి గుడికెళ్ళి వచ్చి లిఫ్ట్ ఎక్కారు. రెండుకీ మూడుకీ మధ్య ఆగిపోయింది. 74 ఏళ్ళ మనిషి, చీకట్లో ఇరవై నిమిషాలు. నేనా టైమ్‌కి గజపతినగరంలో బడిలో ఉన్నాను. చివరికి వాచ్‌మన్ తాళం తెచ్చి తలుపు తీసి, కింద స్టూలు వేసి దింపాడట. చేతిలో కొబ్బరిచిప్ప మాత్రం వదల్లేదావిడ.

మర్నాడు మేడ మీద లిఫ్ట్ మోటారు గదికి వెళ్ళి చూశాను. గోడకి మేకుకి ఒక కార్డు వేలాడుతోంది. సర్వీసుకొచ్చినప్పుడల్లా మెకానిక్ తేదీ వేసి సంతకం పెట్టే కార్డు. నీలం ఇంకుతో పన్నెండు సంతకాలు, ఆ తర్వాత గళ్ళన్నీ ఖాళీ. మొదటి ఏడాది ఉచిత సర్వీసు అయిపోయాక కాంట్రాక్టు డబ్బు ఎవరూ కట్టలేదన్నమాట. పదహారు నెలలుగా ఆ లిఫ్ట్ దేవుడి మీద భారం వేసి తిరుగుతోంది.

నేను లెక్కల టీచర్ని, ఊరుకోలేను కదా. 22 ఫ్లాట్లకి నెలకి 33,000. వాచ్‌మన్‌కి 9,000, తుడిచే ఆమెకి 3,000, మోటారు, లిఫ్ట్, మెట్ల లైట్ల కరెంటుకి ఏడు వేలు అనుకుందాం. 19,000. మిగతా 14,000 ఎటు పోతున్నట్టు? వాచ్‌మన్‌ని అడిగితే "నాకేటి తెలుస్తాది టీచరమ్మా, నా జీతమే రెండు నెల్లై ఆగిపోనాది" అన్నాడు.

పై అంతస్తులో ఒకరి హాలు శ్లాబుకి చెమ్మ దిగి సున్నం పెచ్చులు రాలుతున్నాయి. సంపు కడిగి ఏడాది దాటింది. వాట్సాప్ గ్రూపులో అందరూ "డబ్బు కట్టడం మానేద్దాం, అప్పుడు దిగొస్తాడు" అంటున్నారు. మావారేమో "మనకెందుకీ గొడవ" అంటున్నారు. మానేయొచ్చా?

కాశీబుగ్గ వాసి:

మానేయకమ్మా. మేం మానేసి చెడ్డాం. మూడు నెలలు ఎవరూ పైసా ఇవ్వలేదు. బిల్డర్‌కి పోయిందేమీ లేదు, ఆయన ఉండేది విశాఖలో. కామన్ మీటరు బిల్లు కట్టక కరెంటు వాళ్ళు ఫ్యూజు పీకేశారు, మోటారు ఆగింది. మూడో అంతస్తుకి బిందెలు మోసింది మేమే.

మాకు ఫ్లాట్ల వాళ్ళ సంఘం ఎలా వచ్చిందో చెబుతాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా పలాస పక్కనే తీరం దాటింది. తెల్లారేసరికి స్తంభాలు, జీడి చెట్లు అన్నీ నేల మీదే. రోజుల తరబడి కరెంటు లేదు, ట్యాంకులో చుక్క లేదు. తలా కొంత వేసుకుని జనరేటరు అద్దెకి తెచ్చాం. డీజిల్ ఎవరు పోయించారు, ఎన్ని లీటర్లు, ఎవరు ఎంత ఇచ్చారు అని కింద కిరాణా కొట్టాయన ఒక రూళ్ళ పుస్తకంలో రాస్తూ వచ్చాడు. కరెంటు వచ్చాక కూడా ఆ పుస్తకం ఆగలేదు. ఇప్పటికీ మా సంఘం లెక్కల్లో మొదటి పేజీ ఆ డీజిల్‌దే.

ఇంకో మాట. మధ్యలో ఆగిన లిఫ్ట్‌లోంచి మనిషిని స్టూలు వేసి దింపనివ్వకండి. కాలు జారితే కింద గొయ్యే. కరెంటు మెయిన్ ఆపేసి, తెలిసినవాడు మోటారు గదిలో చేత్తో తిప్పి అంతస్తుకి సరిగ్గా తెచ్చాకే తలుపు తీయాలి.

దస్తావేజు:

రిజిస్ట్రేషన్ల పని మీద బతుకుతున్నవాణ్ణి, తెలిసింది చెబుతా. ముందు ఏపీ రెరా (రాష్ట్ర రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో మీ ప్రాజెక్టు నమోదైందో లేదో చూడండి. 2016 రెరా చట్టం ప్రకారం సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లో సంఘం ఏర్పడేలా చూడాల్సింది బిల్డరే. ఆ సంఘానికి అప్పజెప్పేదాకా న్యాయమైన చార్జీలు తీసుకుని నీళ్ళు, లిఫ్ట్ లాంటివి నడపాల్సిందీ ఆయనే. కానీ అదే చట్టం 19వ సెక్షన్‌లో మెయింటెనెన్స్ టైముకి కట్టడం కొన్నవాళ్ళ బాధ్యత అనీ, ఆలస్యమైతే వడ్డీ పడుతుందనీ ఉంది. మానేస్తే ఆయన చేతికి కర్ర మీరే ఇచ్చినట్టు.

శ్లాబు చెమ్మనీ లిఫ్ట్‌నీ ఒకే ఉత్తరంలో కలిపి కొట్టకండి. చెమ్మ కట్టుబడి లోపం. స్వాధీనం ఇచ్చిన ఐదేళ్ళలోపు రాతపూర్వకంగా చెబితే 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగు చేయాలి, రెరా చట్టం 14(3) సెక్షన్ అదే. లిఫ్ట్ సర్వీసు చేయించకపోవడం నిర్వహణ లోపం, అది వేరే పేచీ. ఉత్తరం స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు ఉండేలా పంపండి. వాట్సాప్ మెసేజీ ఒక్కటీ నమ్ముకోవద్దు.

సంఘం రిజిస్టర్ చేయడానికి 2001 సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో. బిల్డర్ పిలిచేదాకా ఆగక్కర్లేదు.

అద్దె ఇల్లు:

టీచర్ గారూ, చిన్న సందేహం. 22 మందీ కడుతున్నారా? మా దగ్గరా బిల్డర్ తినేస్తున్నాడని ఏడాది అరిచారు. తీరా చూస్తే తాళం వేసిన ఫ్లాట్ల వాళ్ళు "మేం ఉండట్లేదు కదా, ఎందుకు కట్టాలి" అని ఎగ్గొడుతున్నారు. లిఫ్ట్‌కి ఆ సంగతి తెలీదు. కరెంటు ఏడు వేలని మీరు అనుకోవడం కాదు, కామన్ మీటరు మీద సర్వీసు నంబరు ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొడితే బిల్లు ఎంతో, కట్టారో లేదో కనబడుతుంది.

నాలుగో అంతస్తు టీచర్:

అద్దె ఇల్లు గారూ, మీరు అడిగింది తగలాల్సిన చోట తగిలింది. రెండు రోజులు ఇల్లిల్లూ తిరిగాను. కట్టనివి ఏడు. నాలుగు తాళం వేసినవి. రెండు అమ్ముడుపోనివి, అంటే సాక్షాత్తూ బిల్డర్‌వే, ఆయనే కట్టడం లేదు! ఏడోది మాది. మావారు నాలుగు నెలలుగా కట్టలేదట. "మనకెందుకీ గొడవ" ఇందుకన్నమాట. ఆ రాత్రి మా ఇంట్లో సంగతులు ఇక్కడ రాయను.

కరెంటు బిల్లు చూశాను, నెలకి ఎనిమిది వేల పైనే. వచ్చేది 15 ఫ్లాట్ల నుంచి 22,500, ఖర్చు 20,000 దాటుతోంది. కాబట్టి బిల్డర్ నెలకి 14,000 మింగుతున్నాడన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాచ్‌మన్ జీతం ఎందుకు ఆగిందో మాత్రం ఆయనే చెప్పాలి. కార్పస్ సంగతీ అంతే. అమ్మిన ఫ్లాట్లు ఇరవై, అంటే 6,00,000. దానికి రసీదూ లేదు, లెక్కా లేదు.

ఆదివారం సాయంత్రం మేడ మీద కూర్చుంటున్నాం, ఇప్పటికి పదకొండు మంది వస్తామన్నారు. ఉత్తరాలు రెండూ వేరువేరుగా రాశాను. గంటస్తంభం దగ్గర ఒక రూళ్ళ పుస్తకం కొన్నాను. మొదటి పద్దు మాదే, నాలుగు నెలల బకాయి 6,000. అత్తయ్య ఇంకా మెట్లెక్కే వస్తున్నారు.