లోకానికి పునాది పదార్థమా, బీజగణితమా?

పాలమూరు లెక్కల సారు:
డిగ్రీ పిల్లలకు గ్రూప్ థియరీ (తిప్పినా జరిపినా ఒక వస్తువు మారనట్టే ఉండే సౌష్ఠవాల లెక్క) చెప్తుంటే ఒక ఆలోచన పట్టుకుని వదలడం లేదు. ఎలక్ట్రాన్ అంటే ఏంటి? ద్రవ్యరాశి, స్పిన్ (కణానికి పుట్టుకతో ఉండే తిరుగుడు లాంటి గుణం), ఆవేశం. మొదటి రెండూ స్థలకాల సౌష్ఠవ గ్రూపులోంచే పుట్టే గుర్తులని 1939లో భౌతికశాస్త్రవేత్త విగ్నర్ చూపించాడు. ఆవేశం ఇంకో గ్రూపుది. ఈ మూడూ తీసేస్తే ఎలక్ట్రాన్‌లో ఏం మిగులుతుంది? నాకేం కనబడటం లేదు. గ్రూపే అసలుది, పదార్థం మనం పెట్టుకున్న పేరు అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

మిర్యాలగూడ మిల్లు:
సారూ, మాకు తెలిసిన గ్రూపులు గ్రూప్-1, గ్రూప్-2లే. వాటికే దిక్కు లేదు.

నల్గొండ ఫిజిక్స్ మేడం:
సార్, లెక్క కుదిరినవన్నీ లోకంలో ఉండాలని లేదు. భౌతికశాస్త్రవేత్త గెల్‌మన్ 1962లో ఎస్‌యూ-3 అనే సౌష్ఠవ గ్రూపు ప్రకారం పేర్చిన కణాల పట్టికలో పదో గడి ఖాళీగా ఉందన్నాడు. 1964లో ఆ గడిలో కూర్చునే కణం, ఒమెగా మైనస్, దొరికింది. భేష్. 1974లో జార్జి, గ్లాషో అనే శాస్త్రవేత్తలు ఎస్‌యూ-5 అనే ఇంకా పెద్ద గ్రూపు తెచ్చారు. అది ఇంకా అందమైన లెక్క, దాని ప్రకారం ప్రోటాన్ కూడా ఎప్పటికో ఒకప్పుడు విడిపోయి చావాలి. 1980ల్లో మనవాళ్లు, జపానువాళ్లు కలిసి కోలారు బంగారు గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున ఇనుప పలకల మధ్య కణాల జాడ పట్టే గొట్టాలు పేర్చి కాపు కాశారు. ఒకటి రెండు అనుమానాలు తప్ప ఏదీ నిలబడలేదు. తర్వాత జపాన్‌లో 50,000 టన్నుల నీళ్లు నింపి చూసినా అంతే. రెండు గ్రూపుల్లోనూ గణితపరంగా తప్పు లేదు. మరి ఒకదాన్ని ఉంచి ఇంకోదాన్ని కాదన్నది ఎవరు?

పైగా గెల్‌మన్ ఎస్‌యూ-3 కచ్చితమైనది కూడా కాదు. ప్రోటాన్ లాంటివాటి లోపల ఉండే కణాలైన క్వార్కుల్లో మూడు తేలికవి కాబట్టి దాదాపుగా కుదిరింది. అక్కడ వస్తువే ముందు.

పానగల్లు పోరడు:
మా ఛాయా సోమేశ్వరుడి గుళ్లో పొద్దు ఎటు తిరిగినా లింగం మీద నీడ కదలదు. అది సౌష్ఠవమే అనుకోండి. స్తంభాలు తీసేసి నీడను ఉంచమంటే ఎట్ల సార్?

పాలమూరు లెక్కల సారు:
ఆ నీడ ఏ స్తంభానిదో చెప్పు తమ్మీ, తర్వాత మాట్లాడుదాం.

మేడం, ఆ ఎస్‌యూ-3 వదిలేస్తా. క్వార్కుల రంగుకు (నిజం రంగు కాదు, ఆవేశం లాంటి గుణం) సంబంధించిన ఎస్‌యూ-3 కచ్చితమైనదే కదా! ఇక ఎంచింది ఎవరంటారా? వాస్తవ సంఖ్యలు, సంకీర్ణ సంఖ్యలు, క్వాటర్నియన్లు, ఆక్టోనియన్లు: భాగహారం కుదిరి, గుణిస్తే పొడవులు కూడా గుణించుకునే సంఖ్యా వ్యవస్థలు ఈ నాలుగే ఉంటాయని గణితవేత్త హర్విట్జ్ 1898లోనే తేల్చాడు. ఐదోది కావాలన్నా రాదు. ఆక్టోనియన్లలో ఒక దిశను కదలకుండా పట్టుకుంటే మిగిలే సౌష్ఠవం సరిగ్గా ఎస్‌యూ-3. 1973లో గునాయ్‌దిన్, గుర్సే దీన్నే క్వార్కులకు ముడిపెట్టారు. ఇక్కడ ఎవరూ ఎంచలేదు, లెక్కే ఆగిపోయింది.

నల్గొండ ఫిజిక్స్ మేడం:
ఇది మంచి పాయింటే, ఒప్పుకుంటా. అయితే ఎలక్ట్రాన్‌కు అన్నలాంటి కణం మ్యూయాన్ సంగతేంటి? ఆవేశం అదే, స్పిన్ అదే, బరువు మాత్రం ఎలక్ట్రాన్‌కు దాదాపు 207 రెట్లు. ద్రవ్యరాశి గ్రూపులోంచి వచ్చే గుర్తే అన్నారు. ఏ విలువైనా పెట్టుకోవచ్చని విగ్నరే వదిలేశాడు. ఆ 207 మీ ఆక్టోనియన్లలో ఎక్కడుందో చూపించండి, ఈ చర్చ ఇక్కడితో ఆపేస్తా.